వంటశాలలో గురువులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఉట్నూర్‌లో జరిగిన సభలో, ఆశ్రమ పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబర్ 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఏటా ఈ రోజున మనం కరువు భత్యం గురించి, బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. ఆ పని నాకన్నా బాగా చేసే వక్తలు ఈ వేదికమీదే ఉన్నారు. కార్యదర్శిగారు నాకు వేరే విషయం అప్పగించారు. "మీరు ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు గదా, ఏదైనా మనసుకు పట్టే మాట చెప్పండి" అన్నారు. చదువు సంగతి చెప్తాననుకొని ఉంటారు. నేను వంట సంగతి చెప్పదలచుకున్నాను.

ఎందుకంటే, పాఠం ఒకపూట జరగకపోతే మరుసటి రోజు చెప్పుకోవచ్చు. అన్నం ఒకపూట ఉడకకపోతే పాఠశాల నిలవదు. ఈ సంగతి ఇక్కడున్న వార్డెన్లందరికీ తెలుసు. అయినా మన సన్మానాలలో, మన సంచికలలో వంటవాళ్ళ పేరు ఎంత వచ్చింది? ఈ సభలోనే చివరి వరసలో కూర్చున్న మన కుక్కులు, కామాటీలు ఉన్నారు. వారు ముందు వరసలోకి రావాలని మొదట మనవి చేసుకుంటున్నాను. రండి, కుర్చీలు ఉన్నాయి.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుండి ఒక పేరు చెప్తాను. గూళ్ళ యాదమ్మ. మీలో చాలామంది 2022లో ఈ పేరు పత్రికల్లో చదివి ఉంటారు. ఆ ఏడు జూలై 2, 3 తేదీల్లో హైదరాబాద్‌లో ఒక జాతీయ పార్టీ కార్యవర్గ సమావేశాలు జరిగాయి. ప్రధానమంత్రి, కేంద్రమంత్రులు, ముఖ్యమంత్రులు వచ్చారు. వారికి తెలంగాణ శాకాహారం రుచి చూపాలని నిర్ణయించి, వంటకు పిలిచింది ఎవరిని? పెద్ద హోటల్లో చదువుకున్న చెఫ్‌లు ఎంతోమంది ఉండగా, కరీంనగర్ యాదమ్మను పిలిచారు. పార్టీల సంగతి మనకు వద్దు, మన సంఘంలో అన్ని రంగులవాళ్ళూ ఉన్నారు. నాకు ముఖ్యమైనది ఆమె ఆ పొయ్యి దాకా ఎట్లా వచ్చిందన్నది.

ఆమెది గౌరవెల్లి గ్రామం. చిన్నవయసులో పెళ్ళి, చిన్నవయసులోనే వైధవ్యం. చంటిపిల్లవాణ్ణి ఎత్తుకొని బతుకుదెరువుకు కరీంనగర్ పట్నం చేరింది. మంకమ్మతోటలో ఒక వంట మాస్టరు దగ్గర పనికి కుదిరి, అక్కడే వంట నేర్చుకుంది. ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాలు పెళ్ళిళ్ళకు, సభలకు వండుతూ వచ్చింది. ఒకేసారి వేలమందికి వండిపెట్టగల మనిషి అని పేరు తెచ్చుకుంది. పచ్చిపులుసు, సర్వపిండి, సకినాలు, గంగవాయిలికూర పప్పు, ఇవే ఆమె సర్టిఫికెట్లు.

పత్రికలవాళ్ళు ఆమె ఫోటోలు వేశారు, సంతోషం. నా మనసు మాత్రం ఆ మంకమ్మతోట మాస్టరు దగ్గర ఆగింది. దిక్కులేక వచ్చిన ఒక ఆడమనిషికి గిన్నెలు తోమే పని ఇచ్చి ఊరుకోవచ్చు. ఎంతోమంది అట్లాగే ఊరుకుంటారు. కిటుకు చెబితే రేపు మన బేరం పోతుందని మసాలా పాళ్ళు దాచుకునే మాస్టర్లను మనం పెళ్ళిళ్ళలో చూడలేదా? ఆ మాస్టరు ఆమె చేతికి గంటె ఇచ్చాడు. ఒక మనిషి చేతికి గంటె ఇవ్వడమంటే ఒక కుటుంబానికి అన్నం పెట్టడమే.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోవద్దు. ఫ్రాన్సు దేశంలో ఎస్కోఫియే అనే మహానుభావుడు ఉండేవాడు. 1846లో పుట్టి 1935లో పోయాడు. ఈనాడు ప్రపంచంలోని పెద్ద హోటళ్ళన్నిటిలో వంటశాల నడిచే పద్ధతి చాలావరకు ఆయన పెట్టినదే. ఆయన పదమూడేళ్ళ వయసులో తన బంధువు నడిపే భోజనశాలలో పనికి చేరాడు. 1870 యుద్ధకాలంలో సైన్యానికి వండాడు. సైన్యంలో ఉన్న క్రమాన్ని వంటశాలకు తెచ్చాడు. పులుసులకు ఒకరు, కాల్చేవాటికి ఒకరు, కూరగాయలకు ఒకరు, మిఠాయిలకు ఒకరు, అందరిమీద ఒక పెద్ద, ఆ పెద్దకు ఒక రెండవవాడు. కింద నేర్చుకునే కుర్రవాళ్ళు. ఆ కుర్రవాడు ఒక్కొక్క పొయ్యి దగ్గర కొన్నాళ్ళు పనిచేసి పైకి రావాలి. ఇంకొక మాట. ఆ కాలపు వంటశాలల్లో తిట్లు, తాగుడు మామూలు. ఎస్కోఫియే తన దగ్గర రెండూ వద్దన్నాడు. వేడిలో పనిచేసేవాడికి నోటి వేడి కూడా తోడైతే నేర్చుకునేవాడు పారిపోతాడని ఆయనకు తెలుసు.

మన దేశంలో ఇంతియాజ్ ఖురేషీ సంగతి అటువంటిదే. లక్నో వంట కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే బంధువుల వంటశాలలో చేరాడు. పుస్తకం పట్టి నేర్చుకున్న వంట కాదు. తరువాత ఢిల్లీ మౌర్యా హోటల్లో దమ్ పుఖ్త్ భోజనశాలకు దేశవిదేశాల్లో పేరు తెచ్చాడు. 2016లో పద్మశ్రీ వచ్చింది, 2024 ఫిబ్రవరిలో కాలం చేశాడు. ఆయన దగ్గర తయారైనవాళ్ళు, ఆయన బిడ్డలతో సహా, ఎన్నో పెద్ద హోటళ్ళలో పొయ్యి దగ్గర ఉన్నారు. చెఫ్ పోయినా పొయ్యి ఆరలేదు. పెద్దరికం అంటే అది.

ఇప్పుడు మన పొయ్యి దగ్గరికి వద్దాం.

నేను పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో మూడువందల మంది పిల్లలు ఉండేవారు. పేరు చెప్పను, ఏ ఊరైనా ఒకటే కథ. రెగ్యులర్ కుక్ ఒకాయన కరీంనగర్ దిక్కువాడు, పదవీ విరమణకు మూడేళ్ళుండగా మా దగ్గరికి బదిలీమీద వచ్చాడు. ఆయనకు తోడుగా దినసరి కూలిమీద ఒక గోండు ఆడమనిషిని కామాటీగా పెట్టుకున్నాం. ఆమెకు తెలుగు అంతంత మాత్రం, ఆయనకు గోండి అసలు రాదు. మొదటి నెలలో ఇద్దరి మధ్య మాటలకన్నా సైగలే ఎక్కువ.

ఆయన నేర్పిన తీరు నేను దగ్గరుండి చూశాను, అందుకే చెప్తున్నాను. మొదటి ఆరునెలలు ఆమెకు మంట ఒక్కటే అప్పగించాడు. కట్టెల పొయ్యి. ఏ కట్టె ఎంతసేపు కాలుతుంది, ఎప్పుడు కట్టెలు వెనుకకు లాగాలి. చూసినవాళ్ళకు ఇది కూలిపని. ఆయన లెక్క వేరు. చిన్న గిన్నె పొయ్యి దించగానే చల్లారుతుంది, పెద్ద గుండిగ పొయ్యి ఆర్పినా లోపల ఉడుకుతూనే ఉంటుంది. మెతుకు పూర్తిగా ఉడికినాక మంట తీస్తే, వడ్డించే వేళకు అది ముద్ద. మెతుకులో కాస్త పలుకు ఉండగానే తీయాలి. ఇంట్లో అయిదుగురికి వండే చేతికి ఈ సంగతి తెలియదు.

తరువాత నీళ్ళు. కొత్తబియ్యానికి తక్కువ, పాతబియ్యానికి ఎక్కువ. ఒక శేరు బియ్యానికి పోసే నీళ్ళను వంద శేర్లకు వందరెట్లు పోస్తే అన్నం పాడవుతుంది, ఎందుకంటే పెద్ద గుండిగలో ఆవిరిగా పోయే భాగం తక్కువ. గిరిజన సహకార సంస్థ నుండి వచ్చే బియ్యం ప్రతి లోడుకు మారేది. అందుకని కొత్త మూట విప్పగానే గుప్పెడు తీసి చిన్న గిన్నెలో వండి చూసిన తరువాతే గుండిగ ఎక్కించేవాడు. తరువాత పప్పు. పప్పు మెత్తబడకముందు చింతపులుసు పోయకూడదు, పులుపు తగిలితే పప్పు ఉడకడానికి మొండికేస్తుంది. తరువాత ఉప్పు. ముప్పావు వంతు వేసి, కలిపి, ఆగి, రుచి చూసి మిగతాది వేయాలి. వేసిన ఉప్పును తీసే కుక్ ఇంకా పుట్టలేదు అనేవాడు. ఇక అడుగంటినప్పుడు చేయవలసిన పని. కలపకూడదు, గీకకూడదు. పైభాగం మెల్లగా వేరే గుండిగలోకి తీసుకోవాలి. కలిపితే మాడువాసన మొత్తానికీ పడుతుంది, మూడువందల మంది అన్నం పోతుంది.

ఇవన్నీ ఆయనకు ఎవరు చెప్పారు? ఆయనకూ ఒక మాస్టరు ఉన్నాడు. పేరు తలచుకొని చెవులు పట్టుకునేవాడు.

మూడేళ్ళు తిరిగేసరికి పంద్రాగస్టు వచ్చింది. ఆ రోజు అన్నం, పప్పు, కూరతో పాటు పులిహోర, పాయసం. అధికారులు వస్తారు, తల్లిదండ్రులు వస్తారు. ఆ ఉదయం ఆయన స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకొని వచ్చి, వంటశాల బయట వేపచెట్టు కింద కుర్చీ వేసుకున్నాడు. "సార్, ఇయ్యాల నేను లోపలికి పోను" అన్నాడు. నాకు గుండె జారింది. ఆమె లోపల, తోడు ఇద్దరు మనుషులు. రెండుసార్లు బయటికి వచ్చి ఆయన ముఖం చూసింది. ఆయన వేరే దిక్కు చూశాడు. మూడవసారి రాలేదు. పులిహోరకు అన్నం చాపమీద పరిచి ఆరబెట్టింది, చెయ్యి పెట్టి చూసి చల్లారిన తరువాతే పులుసు కలిపింది. ఆయన అది దూరం నుండి చూసి, జేబులోంచి బీడీ తీసి అంటించుకున్నాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

భోజనాలు అయినాక ఆమెను మెచ్చుకోలేదు. "పాయసంల బెల్లం ఇంకొంచెం ఆగి ఏసేదుండె" అన్నాడు. ఆమె తల ఊపింది. నాలుగునెలల తరువాత ఆయన రిటైరయి వెళ్ళినప్పుడు తన పెద్ద గంటెను ఆమె చేతికి ఇచ్చి వెళ్ళాడు. అది స్టాక్ రిజిస్టర్‌లో లేని గంటె, ఆయన సొంతం.

ఆ తరువాత ఆమె చేతికింద నలుగురు తయారయ్యారు. ఇద్దరు వేరే ఆశ్రమ పాఠశాలల్లో వండుతున్నారు. ఒక కుర్రవాడు పట్నంలో హోటల్లో పనిచేస్తున్నాడు. ఆమె మాత్రం నేను రిటైరయ్యేనాటికి కూడా దినసరి కూలిమీదనే ఉంది. నకారా తీర్పు గురించి మనం ఈ రోజు చప్పట్లు కొట్టాం. ఆ తీర్పు అందని చేతులు మన మధ్యలోనే ఉన్నాయని కూడా ఈ రోజే చెప్పుకోవాలి. ఇక్కడ కూర్చున్న మనలో చాలామంది పిల్లల చదువులు గురించి గర్వంగా చెప్పుకుంటాం. ఆ పిల్లలను పదేళ్ళు అన్నం పెట్టి నిలబెట్టినవాళ్ళకు మాత్రం ముసలితనంలో నెలకు ఇంత అని వచ్చేది లేదు.

మిత్రులారా, వంట అనేది రుచికి సంబంధించిన మాట మాత్రమే కాదు. 2024 అక్టోబర్ చివరలో మన వాంకిడి ఆశ్రమ పాఠశాలలో పిల్లలు భోజనం తరువాత అస్వస్థులయ్యారు. వారిలో ఒక బాలిక నవంబర్‌లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకూ పట్టి ఉండదు. తప్పెవరిదని వేదికమీద తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ వందలమందికి వండే చోట తెలిసిన చెయ్యి ఉండడమనేది పిల్లల ప్రాణానికి సంబంధించిన సంగతి అని మనం గట్టిగా చెప్పవచ్చు. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడగాలి, పురుగుపట్టిన పప్పును ఎట్లా పట్టుకోవాలి, వండిన అన్నం ఎంతసేపు వేడిగా ఉంచాలి, చల్లారిన కూరను సాయంత్రం మళ్ళీ ఎందుకు పెట్టకూడదు, ఇవి సర్క్యులర్‌లో ఉంటాయి. సర్క్యులర్ ఫైలులో ఉంటుంది. గుండిగ పక్కన ఉండవలసింది నేర్పే మనిషి.

నేర్పే మనుషులు మన దగ్గర లేరా అంటే, ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరువాత ఈ ప్రాంతానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ దొర, మార్లవాయిలో ఏం చేశాడు? పట్నం నుండి పంతుళ్ళను దింపలేదు. గోండు యువకులనే కూర్చోబెట్టి ఉపాధ్యాయులుగా తయారుచేయించాడు. వారు తమ గూడేలకు పోయి పిల్లలకు చెప్పారు. ఊరివాడిని తయారుచేస్తే ఊరికి మిగులుతాడు, ఇది మార్లవాయి మనకు నేర్పిన పాఠం. ఈ మధ్య మన ఉట్నూర్‌లోనే భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఆడబిడ్డలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి, ఐ.టి.డి.ఎ. ద్వారా ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అందించారు. ఇప్పపువ్వు అంటే సారాయి ఒక్కటే అనుకునేవాళ్ళకు అది సమాధానం. పువ్వు ఎప్పుడు ఏరాలి, ఎట్లా ఎండబెట్టాలి, ఎంత వేయించాలి అన్నది వారికి ఏ కాలేజీ చెప్పలేదు, ఇంట్లో అవ్వలు చెప్పారు.

ఇక్కడికి వచ్చిన మనవలు, మనవరాళ్ళకు ఒక మాట. వంటపని చిన్నపని అనే రోజులు పోయాయి. హైదరాబాద్ విద్యానగర్ దగ్గర డి.డి. కాలనీలో కేంద్ర ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. ఇంటర్ పాసయినవాళ్ళు జాతీయస్థాయి ప్రవేశపరీక్ష రాసి మూడేళ్ళ డిగ్రీలో చేరవచ్చు. కేంద్ర సంస్థ కనుక షెడ్యూల్డ్ తెగల పిల్లలకు నూటికి ఏడున్నర సీట్ల రిజర్వేషన్ ఉంది. ఇంజనీరింగు ఒక్కటే దారి అని మొండిపట్టు పట్టే తల్లిదండ్రులు ఈ దారి కూడా ఒకసారి విచారించండి. అయితే బాబూ, అక్కడ చేరినా మొదటి రోజు నీ చేతికి ఇచ్చేది ఉల్లిగడ్డలు కోసే కత్తే. అలిగి రావద్దు. ఎస్కోఫియే, ఖురేషీ, యాదమ్మ అందరూ కిందిపనినుండే మొదలుపెట్టారు.

చివరగా సంఘానికి మూడు మనవులు.

ఒకటి. మన సభ్యులలో పదవీ విరమణ చేసిన కుక్కులు, కామాటీలు ఎంతమంది ఉన్నారో పేర్లు రాసుకుందాం. ఓపిక ఉన్నవారు నెలకొక రోజు దగ్గరలోని ఆశ్రమ పాఠశాల వంటశాలకు పోయి కొత్తవారి పక్కన నిలబడేటట్టు, ప్రాజెక్టు అధికారిగారి అనుమతి కోసం అర్జీ పెడదాం. రానుపోను ఖర్చులు సంఘం భరించాలి. వార్డెన్లుగా చేసినవాళ్ళు వెంట పోయి ఇండెంటు, స్టాక్ రిజిస్టర్ రాయడం చెప్పాలి. ఆ లెక్కలు మనకన్నా బాగా ఎవరికి వచ్చు?

రెండు. వారు చెప్పే కొలతలు, కిటుకులు ఒక నోటుబుక్కులో రాసిపెడదాం. అక్షరం రాని చేతుల్లో ఉన్న విద్య అది. రాయగలిగిన చేతులు మనవి.

మూడు. దినసరి కూలిమీద ఏళ్ళతరబడి వండుతున్నవాళ్ళ వేతనం, భద్రత గురించి మన డిమాండ్ల పత్రంలో ఒక వాక్యం చేర్చుదాం. వారు మన సంఘ సభ్యులు కారు, నిజమే. మనం వారి చేతి అన్నం తిన్నవాళ్ళం, అదీ నిజమే.

మనం బతికే ఉన్నామని ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. మనకు వచ్చిన పని బతికి ఉందన్నదానికి సర్టిఫికెట్ ఏమిటంటే, అది వచ్చిన ఇంకొక మనిషి. అటువంటి మనిషిని ఒక్కరినైనా తయారుచేసి పోదాం.

 వెనుక వంటశాలలో మనకోసం పొద్దటి నుండి పొగలో నిలబడ్డవాళ్ళున్నారు. భోజనాలు అయిన తరువాత విస్తరి ఎత్తేముందు ఒకసారి లోపలికి పోయి, వారికి నమస్కారం చెప్పి ఇండ్లకు వెళ్ళవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.